పడవ ఆటోపైలట్‌ను నెట్‌వర్క్‌కు కలపడం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఆటోపైలట్‌ను పడవలో బిగించడం ఒక ఎత్తు. దాన్ని చార్ట్ ప్లాటర్‌తో (సముద్ర పటం, దారి చూపే తెర), జీపీఎస్‌తో, గాలి కొలిచే పరికరంతో మాట్లాడించడం ఇంకో ఎత్తు. సొంత పడవ ఉన్నవారు, కొనబోతున్నవారు, పడవల్లో విద్యుత్ పని చేసేవారు ఎక్కువగా అడిగే ప్రశ్నలు ఇవి. మీ పరికరంతో వచ్చిన మాన్యువల్‌ను పక్కన పెట్టుకుని చదవండి. అందులో ఒక్క ముక్కలో తేల్చేసిన సంగతుల వెనుక ఉన్న కారణాలు ఇక్కడ దొరుకుతాయి.

నెట్‌వర్క్ లేకుండా ఆటోపైలట్ పనిచేయదా?

పనిచేస్తుంది. ఆటోపైలట్ అంటే దిక్కు చెప్పే కంపాస్, లెక్క వేసే కంప్యూటర్, చుక్కానిని తిప్పే మోటారు లేదా హైడ్రాలిక్ పంపు, మనం నొక్కే బటన్ల పెట్టె. చుక్కాని ఎంత తిరిగిందో చెప్పే సెన్సార్ కూడా చాలా పడవల్లో ఉంటుంది. చిన్న తెరచాప పడవల్లో చుక్కాని కర్రకు తగిలించే టిల్లర్ పైలట్లలో ఇవన్నీ ఒకే గొట్టంలో ఇమిడిపోతాయి. పడవ ముక్కును ఒక దిక్కున నిలబెట్టడానికి ఇంతకన్నా ఏమీ అక్కరలేదు.

నెట్‌వర్క్ వల్ల మూడు లాభాలు. ప్లాటర్‌లో గీసిన దారి వెంట పైలట్ నడుస్తుంది. తెరచాప పడవ అయితే గాలికి ఒకే కోణంలో నడుస్తుంది. పైలట్ కంపాస్ చెప్పే దిక్కు రాడార్‌కూ ప్లాటర్‌కూ అందుతుంది. మూడో లాభాన్ని చాలామంది పట్టించుకోరు కానీ, రాడార్ బొమ్మను చార్ట్ మీద సరిగ్గా పరవాలంటే అదే కావాలి.

అందుకే బయటి పరికరాలేవీ కలపకముందు పడవను ఖాళీ నీళ్లలోకి తీసుకెళ్లి, ఆటో మోడ్‌లో, అంటే దిక్కు నిలబెట్టే పద్ధతిలో, తిన్నగా పోతుందో లేదో చూడండి. ఒంటరిగా దిక్కు నిలబెట్టలేని పైలట్ ప్లాటర్‌తో కలిపాక బాగుపడదు. దాని తప్పు వెతకడం ఇంకా కష్టమవుతుంది, అంతే. కొత్త తరం పైలట్లలో కంపాస్, కంప్యూటర్, బటన్ల పెట్టె తమలో తాము మాట్లాడుకోవడానికే నెట్‌వర్క్ వాడతాయి. రేమెరీన్ కంపెనీ ఎవల్యూషన్ పైలట్ అలాంటిదే. అలాంటప్పుడు ఆ భాగాలు మాత్రమే ఉన్న చిన్న నెట్‌వర్క్‌తో మొదలుపెట్టి, అది కుదిరాక మిగతావి చేర్చండి.

నా పడవలో ఏ నెట్‌వర్క్ ఉందో ఎలా తెలుస్తుంది?

తీగ చివర చూడండి. గుండ్రటి, మర తిప్పి బిగించే, ఐదు సూదుల కనెక్టర్ ఉంటే చాలా మటుకు ఎన్ఎంఈఏ 2000, అంటే పడవ పరికరాలు మాట్లాడుకునే కొత్త ప్రమాణం. ప్లగ్ ఏమీ లేకుండా రెండేసి సన్న తీగలు విడిగా బయటికి వచ్చి, స్క్రూలతో బిగించే పట్టీలో చేరితే దాని పాత తరం ఎన్ఎంఈఏ 0183. నీలం గీత ఉన్న కేబుల్, చదునైన ప్లగ్గులు కనిపిస్తే రేమెరీన్ వారి సీటాక్ ఎన్‌జీ. ఎరుపు, పసుపు తీగలు, కవచపు తీగ కలిసి మూడే ఉంటే అదే కంపెనీ పాత సీటాక్. చిన్న పసుపు ప్లగ్గులుంటే సిమ్‌రాడ్ వారి సిమ్‌నెట్. పాత పడవల్లో ఇవన్నీ ఒకే డబ్బాలో కనిపించినా ఆశ్చర్యపోకండి. ముందు యజమానులు ఒక్కొక్కరు ఒక్కో పరికరం చేర్చుకుంటూ పోయి ఉంటారు.

ఎన్ఎంఈఏ 0183 పాతబడిపోయింది కదా, ఇంకా దాని గురించి ఎందుకు?

ఇప్పటికీ పనిచేస్తున్న పైలట్లలో చాలావాటికి వచ్చిన భాష అదొక్కటే కాబట్టి. అమెరికాలోని నేషనల్ మెరీన్ ఎలక్ట్రానిక్స్ అసోసియేషన్ 1980లో తెచ్చిన ఎన్ఎంఈఏ 0180 ప్రమాణం ముఖ్య ఉద్దేశమే లోరాన్ (జీపీఎస్‌కు ముందు స్థానం చెప్పిన రేడియో పద్ధతి) రిసీవర్‌ను ఆటోపైలట్‌కు కలపడం. 1983లో వచ్చిన 0183 దాని వారసత్వమే. అంటే ఈ ప్రమాణాల కుటుంబం పుట్టింది మన ప్రశ్న నుంచే.

ఇందులో ఒక పరికరం మాట్లాడుతుంది, ఒకటి లేదా అంతకన్నా ఎక్కువ పరికరాలు వింటాయి. ఒక జత తీగల మీద మాట్లాడేది ఒక్కటే ఉండాలి. మామూలు వేగం సెకనుకు 4800 బిట్లు. ఒక్కో అక్షరానికి 10 బిట్లు పోతాయి కనుక సెకనుకు 480 అక్షరాలు. ఒక వాక్యం గరిష్ఠంగా 82 అక్షరాలు ఉండవచ్చు. అంటే నిండు వాక్యాలైతే సెకనుకు ఆరు కూడా దాటవు. ఈ చిన్న లెక్క గుర్తుంటే సగం చిక్కులు ముందే కనిపిస్తాయి. ఏఐఎస్, అంటే చుట్టుపక్కల ఓడలు రేడియోలో తమ స్థానం చెప్పే పద్ధతి, సమాచారం 38400 వేగంతో వస్తుంది. దాన్నంతా 4800 తీగలోకి తోస్తే పైలట్‌కు అందవలసిన వాక్యాలు మధ్యలోనే రాలిపోతాయి.

0183 తీగలు దేనికి దేన్ని కలపాలి?

మాట్లాడే పరికరంలో ఏ, బీ అని రెండు తీగలు బయటికి వస్తాయి. వినే పరికరంలో ఏ, బీ అని రెండు లోపలికి పోతాయి. ఏ నుంచి ఏకి, బీ నుంచి బీకి. పేర్ల దగ్గరే గందరగోళం మొదలవుతుంది. కొందరు ప్లస్, మైనస్ అంటారు, కొందరు హాట్, కోల్డ్ అంటారు, కొందరు తమ వైపు నుంచి చూసి పంపేది అంటే ఇంకొందరు అందుకునేది అంటారు. రంగులు కంపెనీ కంపెనీకి మారతాయి. ఒక మాన్యువల్‌లోని రంగును చూసి ఇంకో కంపెనీ తీగను కలపకండి. రెండు మాన్యువల్‌లూ పక్కపక్కన తెరిచి కాగితం మీద గీసుకోండి.

పాత జీపీఎస్‌లు, ల్యాప్‌టాప్ సీరియల్ పోర్టులు ఒకే తీగ మీద మాట్లాడతాయి, రెండోది వాటి గ్రౌండ్. అలాంటి దానికి వినే పరికరాన్ని కలపాలంటే దాని ఏను మాట్లాడే తీగకు, బీని మాట్లాడే పరికరం గ్రౌండ్‌కు కలపాలి. తిరగేసిన సందర్భంలో, అంటే రెండు తీగల మీద మాట్లాడే కొత్త పరికరాన్ని ఒంటి తీగ వినే పాత దానికి కలిపేటప్పుడు, బీని గ్రౌండ్‌కు తాకించకండి. పంపే చిప్ మీద అనవసరమైన భారం పడుతుంది. ఏను పాత పరికరం ఇన్‌పుట్‌కు, రెండు పరికరాల గ్రౌండ్‌లను ఒకదానికొకటి కలిపి, బీకి టేపు చుట్టి వదిలేయండి. చాలా జతలు ఇలా పనిచేస్తాయి. పనిచేయని జతకు మధ్యలో చిన్న మార్పిడి పెట్టె కావాలి.

సమాచారం రాకపోతే ఏ, బీలను ఒకసారి తారుమారు చేసి చూడవచ్చు. దాని వల్ల ఏదీ కాలిపోదు. కాల్చేది 12 వోల్టుల తీగ. అది సమాచార తీగకు తగలకుండా చూసుకోండి.

తీగలు సరిగ్గానే ఉన్నాయి. అయినా దారి వెంట నడిపే ట్రాక్ మోడ్ నొక్కితే సమాచారం లేదంటుంది. ఎందుకు?

ఎక్కువ మంది తగులుకునే ముడి ఇదే. కింది వరుసలో చూడండి.

అన్నిటికన్నా ముందు, ప్లాటర్‌లో దారిని గీసి వదిలేశారా, లేక ఆ దారిలో నడవమని ఆజ్ఞ కూడా ఇచ్చారా? దారి చురుగ్గా ఉంటే తప్ప ప్లాటర్ పైలట్‌కు ఏమీ పంపదు. దారి గీయడం వేరు, గో టు నొక్కడం వేరు.

తర్వాత, వాక్యం సరైనదేనా అన్నది. జీపీఎస్ స్థానం మాత్రమే పంపితే పైలట్‌కు సరిపోదు. ఎటు పోవాలో, దారికి ఏ పక్కన ఎంత దూరం జరిగామో చెప్పాలి. అందుకు ముఖ్యమైనది ఏపీబీ అనే వాక్యం. దారికి పడవ ఎంత పక్కకు జరిగింది, ఎటు తిప్పాలి, బయలుదేరిన చోటు నుంచి గమ్యానికి దిశ ఎంత, ఇప్పుడున్న చోటు నుంచి ఎంత, వే పాయింట్ (దారిలో గుర్తు పెట్టిన చోటు) చేరామా లేదా అన్నవన్నీ ఇందులోనే ఉంటాయి. కొన్ని పైలట్లు ఆర్ఎంబీ, ఎక్స్‌టీఈ వాక్యాలతో కూడా సరిపెట్టుకుంటాయి. బాగా పాతవి ఏపీఏ అడుగుతాయి. పైలట్ మాన్యువల్ వెనుక పేజీల్లో అది వినే వాక్యాల పట్టిక ఉంటుంది. ప్లాటర్ సెట్టింగ్స్‌లో పంపే వాక్యాల పట్టిక ఉంటుంది. రెండింట్లోనూ ఉన్నదాన్ని ఆన్ చేయండి, అక్కరలేనివి ఆపేయండి. పైన చెప్పిన 480 అక్షరాలను వృథా చేయడం ఎందుకు?

ఇవి రెండూ సరిగ్గా ఉంటే రెండు వైపులా వేగం ఒకటేనా, 4800 ఎదుట 38400 పెట్టలేదు కదా అని చూడండి. ఆ తర్వాత టాకర్ గుర్తు. ప్రతి వాక్యం మొదట్లో డాలర్ గుర్తు తర్వాత పంపిన పరికరం రకాన్ని చెప్పే రెండక్షరాలుంటాయి. జీపీఎస్‌కు జీపీ, ఎలక్ట్రానిక్ చార్ట్‌కు ఈసీ. కొన్ని పాత పైలట్లు జీపీతో మొదలయ్యే వాక్యాలనే నమ్ముతాయి, మిగతావాటిని చెవిన పెట్టవు. పంపే వైపు ఆ గుర్తును మార్చుకునే వీలుంటే మార్చి చూడండి.

ఎన్ఎంఈఏ 2000 ఎలా వేయాలి?

ఇది కార్లు, లారీల్లో వాడే క్యాన్ పద్ధతి మీద కట్టినది. 2001లో వచ్చింది. వేగం సెకనుకు 250 కిలోబిట్లు, అంటే 4800తో పోలిస్తే 50 రెట్లకు పైన. అన్ని పరికరాలూ ఒకే తీగ మీద వంతులవారీగా మాట్లాడతాయి, అన్నీ వింటాయి.

వేసే విధానానికి నియమాలు కొన్నే, కానీ వాటిని ఉల్లంఘిస్తే ఫలితం వెంటనే కనిపించదు. అలలు ఎక్కువైన రోజున కనిపిస్తుంది. పడవ పొడవునా ఒక వెన్నెముక కేబుల్ వేస్తారు, దాన్నే బ్యాక్‌బోన్ అంటారు. దానికి రెండు కొసలుండాలి. నక్షత్రంలా ఒకే చోటు నుంచి అన్ని వైపులకూ పాయలు తీయకూడదు, వలయంగా కలపకూడదు. ఒక్కో కొసకు 120 ఓముల టెర్మినేటర్ పెట్టాలి. రెండే, మూడోది వద్దు. ప్రతి పరికరం ఒక టీ కనెక్టర్ నుంచి డ్రాప్ కేబుల్‌తో దిగుతుంది. ఒక్కో డ్రాప్ 6 మీటర్లు దాటకూడదు, అన్నీ కలిపి 78 మీటర్లు దాటకూడదు. సన్న కేబుల్‌తో బ్యాక్‌బోన్ 100 మీటర్ల వరకు పోవచ్చు. పరికరాలు 50 వరకు. సొంత పడవల్లో ఈ పెద్ద అంకెల దాకా ఎవరూ పోరు. దెబ్బతినేది డ్రాప్ పొడవు దగ్గరే. తెరస్తంభం పైనున్న గాలి సెన్సార్‌కు ఒకే పొడవాటి డ్రాప్ వేసేస్తుంటారు. అలా కాకుండా బ్యాక్‌బోన్‌నే పైదాకా తీసుకెళ్లి, ఆ కొస టెర్మినేటర్‌ను అక్కడ పెట్టాలి. చివరి పరికరంలోనే టెర్మినేటర్ ఇమిడి ఉండే రకాలు ఇందుకోసమే ఉన్నాయి.

కరెంటు ఒకే చోటు నుంచి, ఫ్యూజ్ ద్వారా, వీలైతే బ్యాక్‌బోన్ నడిమిన ఇవ్వండి. ఎర్ర తీగ ప్లస్, నల్లది మైనస్, తెల్లదీ నీలమూ సమాచారం, తొడుగు లేనిది కవచం. పరికరం ఎంత కరెంటు తాగుతుందో ఎల్ఈఎన్ అనే అంకె చెబుతుంది. ఒక ఎల్ఈఎన్ అంటే 50 మిల్లీ ఆంపియర్లు. అన్నీ కూడి ఫ్యూజ్ ఎంచుకోండి.

మల్టీమీటర్ ఒక్కటే ఉంది. దానితో ఈ నెట్‌వర్క్‌ను పరీక్షించవచ్చా?

తప్పకుండా. కరెంటు ఆపి, ఏ టీ దగ్గరైనా తెల్ల తీగకూ నీలం తీగకూ మధ్య నిరోధం కొలవండి. 60 ఓముల దగ్గర చూపితే టెర్మినేటర్లు రెండూ ఉన్నట్టు. 120 చూపితే ఒకటి లేదు, లేదా బ్యాక్‌బోన్ ఎక్కడో తెగింది. 40 చూపితే ఎవరో మూడోది తగిలించారు. తర్వాత కరెంటు ఇచ్చి, కొసల దగ్గర ఎర్ర, నల్ల తీగల మధ్య వోల్టేజీ చూడండి. పరికరాలు 9 నుంచి 16 వోల్టుల మధ్య పనిచేయాలి. ఇంజన్ స్టార్ట్ చేసిన క్షణంలో పైలట్ స్క్రీన్ ఆరిపోయి మళ్లీ వెలుగుతుంటే అనుమానించవలసింది బ్యాటరీని, దాని తీగలను.

పైలట్ మోటారుకు కరెంటు కూడా నెట్‌వర్క్ నుంచే తీసుకోవచ్చా?

వద్దు. నెట్‌వర్క్ తీగలు సెన్సార్ల కోసం. చిన్న టిల్లర్ పైలట్ ఒకటి రెండు ఆంపియర్లతో సరిపెట్టుకున్నా, పెద్ద హైడ్రాలిక్ పంపు గట్టిగా తిప్పేటప్పుడు 20 ఆంపియర్లు దాటవచ్చు. మోటారుకు బ్యాటరీ ప్యానెల్ నుంచి విడి తీగలు, విడి బ్రేకర్ వేయండి. తీగ మందం మాన్యువల్‌లోని పట్టిక ప్రకారం, పోయి వచ్చే మొత్తం దూరాన్ని లెక్కగట్టి ఎంచుకోండి. కొన్ని పైలట్ కంప్యూటర్లు తామే బ్యాక్‌బోన్‌కు కరెంటు ఇవ్వగలవు. అలాంటిది ఉంటే ఇంకో చోటు నుంచి కూడా ఇవ్వకుండా, ఏదో ఒక దారినే ఉంచండి.

సీటాక్, సిమ్‌నెట్ సంగతి?

సీటాక్ ఎన్‌జీ, సిమ్‌నెట్ లోపల మాట్లాడేది ఎన్ఎంఈఏ 2000 భాషే. ప్లగ్ ఆకారం మాత్రమే వేరు. మార్పిడి కేబుల్ కొని కలపవచ్చు. సీటాక్ ఎన్‌జీ వారి టెర్మినేటర్లు ఒక వైపు, గుండ్రటి కనెక్టర్ టెర్మినేటర్లు రెండు ఇంకో వైపు ఉంచేసి రెండు బ్యాక్‌బోన్లను జతచేసే పొరపాటు ఇక్కడ సాధారణం. కలిపాక మొత్తానికి రెండే మిగలాలి.

పాత సీటాక్ పూర్తిగా వేరు. ఒకే పసుపు తీగ మీద 4800 వేగంతో నడిచే, ఆ కంపెనీ సొంత భాష. దాన్ని కొత్త వాటితో కలపాలంటే అదే కంపెనీ కన్వర్టర్ పెట్టె కావాలి. తీగకు తీగ ముడివేస్తే కుదరదు.

ఒక కంపెనీ ప్లాటర్, ఇంకో కంపెనీ పైలట్. కలుస్తాయా?

సమాచారం కలుస్తుంది. అధికారం కలవకపోవచ్చు. కొనేముందు అర్థం చేసుకోవలసిన తేడా ఇదొక్కటే.

ఎన్ఎంఈఏ 2000లో ప్రతి రకం సందేశానికీ పీజీఎన్ అనే సంఖ్య ఉంటుంది. పడవ ముక్కు దిక్కు 127250, చుక్కాని కోణం 127245, స్థానం 129025, నేల మీద సాగే దిశ, వేగం 129026, దారి నుంచి జరిగిన దూరం 129283, గమ్యానికి దిశ, దూరం 129284, గాలి 130306. ఇవి అందరికీ ఉమ్మడి. గార్మిన్ ప్లాటర్ పంపిన 129283, 129284లను రేమెరీన్ పైలట్ చదవగలదు, దారి పట్టుకోగలదు.

కానీ ప్లాటర్ తెర మీద నుంచే పైలట్‌ను ఆన్ చేయడం, స్టాండ్‌బైకి (చుక్కానిని వదిలేసే స్థితికి) పంపడం, పది డిగ్రీలు కుడికి తిప్పమనడం వేరే సంగతి. ఇలాంటి ఆజ్ఞలను ఎక్కువ కంపెనీలు తమ సొంత సందేశాల్లో పంపుతాయి. ఇంకో కంపెనీ తెర మీద ఆ బటన్లే కనిపించవు. చుక్కానిని తిప్పే ఆజ్ఞ ఎవరు పడితే వారు పంపితే ప్రమాదమన్నది వారు చెప్పే కారణం. అందులో నిజం ఉంది. అన్నీ తమ దగ్గరే కొనాలన్న ఆశ కూడా ఉందని నా అనుమానం. ఏదైతేనేం, కంపెనీలు కలిస్తే పైలట్ సొంత బటన్ల పెట్టెను చేతికందే చోట తప్పకుండా పెట్టుకోండి. అన్నీ ఒకే కంపెనీవైనా ఆ పెట్టె మానేయడం నాకు నచ్చదు. తెర మీద నీటి చుక్కలు పడ్డప్పుడు తాకే బటన్ కన్నా నొక్కే బటన్ నమ్మకస్తురాలు.

కంపాస్ ఎక్కడ పెట్టాలి?

మొత్తం పనిలో శ్రద్ధ పెట్టవలసింది ఇక్కడే. పడవ ఊపు తక్కువగా ఉండే చోటు, అంటే నడిమికి దగ్గరగా, నీటి మట్టానికి మరీ ఎత్తు కాకుండా పెట్టండి. స్పీకర్లు, ఇంజన్, లంగరు గొలుసు, బ్యాటరీ లావు తీగలు, రిఫ్రిజిరేటర్ మోటారు వీటన్నిటికీ కనీసం ఒక మీటరు దూరం ఉంచండి. సరంజామా పెట్టే అరలు కూడా గమనించండి. ఆ అరలో ఎవరో ఇనుప డబ్బాలు సర్దిన రోజునుంచి పడవ కారణం లేకుండా పది డిగ్రీలు పక్కకు నడుస్తుంది. ఇనుప పడవలో లోపలి కంపాస్‌తో తిప్పలు ఎక్కువ. అక్కడ కంపాస్‌ను తెరస్తంభం మీదికి ఎక్కిస్తారు, లేదంటే అయస్కాంతంతో పనిలేని ఉపగ్రహ కంపాస్ పెడతారు.

బిగించాక క్యాలిబ్రేషన్. నిశ్చలమైన నీళ్లలో, ఇనుప వంతెనలకూ ఓడలకూ దూరంగా, మాన్యువల్ చెప్పిన వేగంతో నెమ్మదిగా గుండ్రంగా తిరగాలి. పడవలోని ఇనుము వల్ల ఏ దిక్కున ఎంత తప్పు వస్తోందో పైలట్ నేర్చుకుంటుంది. చివర్లో అది చూపే మిగులు తప్పు పెద్దగా ఉంటే ఒప్పుకోకండి. కంపాస్‌ను ఇంకో చోటికి మార్చి మళ్లీ తిరగండి.

ప్లాటర్ ఒక దిక్కు చూపుతోంది, పైలట్ ఇంకో దిక్కు. ఏది నిజం?

రెండూ కావచ్చు. ప్లాటర్ జీపీఎస్ ఆధారంగా పడవ నేల మీద సాగుతున్న దిశను చూపుతుంది. పైలట్ పడవ ముక్కు చూస్తున్న దిక్కును చూపుతుంది. ప్రవాహమో పక్కగాలో ఉంటే రెండూ వేరుగా ఉండి తీరతాయి. పడవ దాదాపు ఆగి ఉన్నప్పుడైతే జీపీఎస్ దిశకు అర్థమే లేదు. అది నాలుగు వైపులా గంతులేస్తుంది.

తేడా ఎప్పుడూ ఒకే అంకెగా ఉంటే అది అయస్కాంత ఉత్తరానికీ నిజ ఉత్తరానికీ ఉన్న తేడా కావచ్చు. ఆంధ్ర తీరంలో ఈ రెండు ఉత్తరాల తేడా ఒక డిగ్రీకి అటూ ఇటూగా ఉంటుంది కనుక ఎవరూ గమనించరు. సియాటిల్ దగ్గర అది సుమారు 15 డిగ్రీలు తూర్పుకు, ఆక్లాండ్‌లో ఇంకా ఎక్కువ. అక్కడ పడవ కొనుక్కున్న మనవాళ్లు సెట్టింగ్స్‌లో నిజ, అయస్కాంత ఉత్తరాలను కలగాపులగం చేస్తే పైలట్ దారిని పట్టుకున్నట్టే ఉండి, దానికి ఒక పక్కగా సమాంతరంగా నడుస్తుంది. ఏపీబీ వాక్యంలో ప్రతి దిశ పక్కనా అది ఏ ఉత్తరమో చెప్పే అక్షరం ఉంటుంది. పాత పైలట్లు కొన్ని దాన్ని చూడవు. అలాంటప్పుడు ప్లాటర్‌నే అయస్కాంత ఉత్తరానికి మార్చండి.

రెండు కంపాస్‌లు, రెండు జీపీఎస్‌లు ఉంటే?

ప్లాటర్‌లోనూ పైలట్‌లోనూ సమాచార మూలాల పట్టికలోకి వెళ్లి, దేన్ని నమ్మాలో మీరే ఎంచుకోండి. పరికరాలు తమంతట తాము ఎంచుకోనిస్తే ఒకసారి దీన్ని, ఇంకోసారి దాన్ని వింటాయి. పైలట్‌కు సెకనుకు పదిసార్లు తాజా దిక్కు ఇచ్చే కంపాస్ కావాలి. సెకనుకు ఒకసారి చెప్పేది రాడార్‌కు సరిపోవచ్చేమో కానీ చుక్కానికి చాలదు.

గాలి మోడ్‌కు ఏం కావాలి?

పడవ మీద తోచే గాలి కోణం. 0183లో ఎండబ్ల్యూవీ వాక్యం, 2000లో 130306. స్తంభం మీది సెన్సార్‌ను ముక్కు వైపు సరిగ్గా నిలిపి, అక్షం తప్పును సరిచేయండి. లేకపోతే కుడి పక్క గాలికి ఒకలా, ఎడమ పక్క గాలికి ఇంకోలా నడుస్తుంది. గాలి దిక్కు మారితే పైలట్ కూడా మారిపోతుందని మర్చిపోకండి. గాలి వాటంగా నడిచి నడిచి, నిద్రలేచేసరికి ఒడ్డు వైపు పోతూ ఉండవచ్చు. గాలి మారినట్టు హెచ్చరించే అలారం ఆన్‌లో ఉంచండి.

0183 పైలట్‌ను 2000 నెట్‌వర్క్‌కు కలపవచ్చా?

రెండు భాషలూ వచ్చిన గేట్‌వే పెట్టె కావాలి. చాలా ప్లాటర్లు తామే ఆ పని చేస్తాయి. చిక్కు ఎక్కడంటే, గేట్‌వే, ప్లాటర్ రెండూ అనువదిస్తే ఒకే సమాచారం గుండ్రంగా తిరుగుతూ పాతదీ కొత్తదీ కలిసి వస్తుంది. దిక్కు అంకె వణుకుతుంది, పైలట్ అటూ ఇటూ కొట్టుకుంటుంది. అనువాదకుడు ఒక్కడే ఉండాలి. రెండోదాంట్లో ఆ సదుపాయాన్ని ఆపేయండి.

ల్యాప్‌టాప్‌తో నడిపించవచ్చా?

ఓపెన్ సీపీఎన్ అనే ఉచిత చార్ట్ ప్రోగ్రామ్‌లో దారిని చురుగ్గా ఉంచితే ఏపీబీ, ఆర్ఎంబీ వాక్యాలు పంపుతుంది. మధ్యలో యూఎస్‌బీ నుంచి ఆర్ఎస్ 422కు (0183 తీగలు వాడే విద్యుత్ పద్ధతికి) మార్చే చిన్న తీగ కావాలి. విద్యుత్ పరంగా వేరుచేసిన రకమైతే మేలు. ఇంకా ముందుకు పోదలచినవారికి పైపైలట్ ఉంది. రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ మీద నడిచే, ఎవరైనా మార్చుకోగల పూర్తి ఆటోపైలట్ అది. కంప్యూటర్లతో కాపురం చేసే మన సాఫ్ట్‌వేర్ జనానికి ఇది నచ్చుతుంది. ఒక మాట మాత్రం: ల్యాప్‌టాప్ నిద్రలోకి జారుకునే సెట్టింగ్ ఆపడం మర్చిపోకండి. నిద్రపోతే వాక్యాలూ ఆగిపోతాయి.

రేడియోలో మాట్లాడగానే పడవ పక్కకు తిరుగుతోంది.

చాలా దూరం మాట్లాడే హెచ్ఎఫ్ రేడియో ఉన్న పడవల్లో ఇది ప్రసిద్ధమైన జబ్బు. కొన్నిసార్లు దగ్గరి దూరాల వీహెచ్ఎఫ్ రేడియోతోనూ వస్తుంది. యాంటెన్నా తీగ పక్కనే కంపాస్ తీగ పోతుండవచ్చు. వాటిని విడదీయండి, తప్పనిచోట అడ్డంగా దాటించండి, పైలట్ తీగలకు రేడియో అలజడిని అణిచే ఫెర్రైట్ ముక్కలు తగిలించండి, కవచపు తీగను ఒకే చోట గ్రౌండ్ చేయండి.

వే పాయింట్ రాగానే పైలట్ తానే మలుపు తిరుగుతుందా?

చాలా పైలట్లు కూత పెట్టి, మీరు బటన్ నొక్కి ఒప్పుకునే వరకు పాత దిక్కునే పోతాయి. కొన్ని చిన్న మలుపులను తామే తిరిగి, పెద్ద మలుపులకు మాత్రమే అడుగుతాయి. మీది ఏ రకమో ముందే తెలుసుకోండి. అడగకుండా తిరిగే సదుపాయం ఉన్నా ఆన్ చేయవద్దనే నా మాట. సముద్రంలో పడవలు ఢీకొనకుండా ఉన్న అంతర్జాతీయ నియమాల్లో ఐదోది ప్రకారం ఎప్పుడూ ఒకరు కళ్లతో, చెవులతో కాపలా కాయాలి. ప్లాటర్‌కు ఎదురుగా వస్తున్న చేపల పడవ కనిపించదు. పెద్ద ఓడల మీద కూడా రద్దీ ఉన్నచోట, పొగమంచులో, తక్షణం చేతి నడకకు మారగలిగేలా ఉండాలని సముద్ర భద్రత కోసం దేశాలు చేసుకున్న ఒప్పందం సోలాస్ ఐదో అధ్యాయంలోని 24వ నిబంధన చెబుతోంది.

విశాఖ, కాకినాడ మరబోట్లకు ఇవన్నీ అవసరమా?

వల లాగే పడవలో సరంగు చేయి చుక్కాని మీదే ఉంటుంది. జీపీఎస్, లోతు చూపే పరికరం, వీహెచ్ఎఫ్ సరిగ్గా పనిచేస్తే ఎక్కువ మేలు. దూరం పోయి వచ్చే పెద్ద పడవల్లో పైలట్ అలసట తగ్గిస్తుంది కానీ ముందు బ్యాటరీ తీగలు బాగుచేయించండి. ఇక హుస్సేన్ సాగర్‌లో పోటీలకు దిగే డింగీలకు దీనితో పనే లేదు.

నడిసముద్రంలో నెట్‌వర్క్ పోతే?

స్టాండ్‌బై నొక్కి చుక్కాని చేతిలోకి తీసుకోండి. తర్వాత ఆటో మోడ్ ప్రయత్నించండి. ట్రాక్, గాలి మోడ్‌లు పోయినా, పైలట్ కంపాస్ బతికి ఉంటే దిక్కు పట్టుకుంటుంది. 2000 నెట్‌వర్క్ మొత్తం పడిపోతే పరికరాలను ఒక్కొక్కటిగా టీ నుంచి ఊడదీయండి. ఏది తీయగానే మిగతావి లేస్తాయో అదే దోషి. ఒక టెర్మినేటర్, ఒక టీ, కొన్ని ఫ్యూజులు అదనంగా ఉంచుకోండి. దూరం పోయేవారు గాలి బలంతోనే పడవను నడిపే, కరెంటుతో పనిలేని విండ్ వేన్ కూడా బిగించుకుంటారు. ఒంటరిగా ప్రపంచాన్ని చుట్టే, 2022లో మొదలైన గోల్డెన్ గ్లోబ్ పందెంలో రెండో స్థానంలో నిలిచిన అభిలాష్ టామీ ప్రపంచాన్ని చుట్టింది దానితోనే. ఆ పందెంలో ఎలక్ట్రానిక్ ఆటోపైలట్‌కు అనుమతి లేదు.

వన్‌నెట్ వచ్చిందట. అది స్థిరపడే దాకా ఆగాలా?

అక్కరలేదు. ఈథర్నెట్ మీద నడిచే ఆ ప్రమాణం 2020లో వచ్చింది. రాడార్, కెమెరా వంటి బరువైన సమాచారానికి అది ఉపయోగం. దిక్కు, గాలి, చుక్కాని కోణం వంటి చిన్న సందేశాలకు ఎన్ఎంఈఏ 2000 ధారాళంగా సరిపోతుంది, వన్‌నెట్‌ను దానికి తోడుగానే రూపొందించారు. ఈ సీజనులో పైలట్ కావాలంటే ఈ సీజనులోనే కొనండి.